అక్కి అంటుకుంటుందా?

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ నెల ఆరోగ్యం మీద ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. చక్కెర వ్యాధి, రక్తపోటు, మోకాళ్ళ నొప్పులు, వీటి గురించి మాట్లాడేవారికి మనలో కొదవలేదు. ప్రతివారూ సగం డాక్టర్లే. అందుచేత హెర్పిస్ గురించి మాట్లాడతానన్నాను. ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "ఆడవాళ్ళు కూడా వస్తారండీ" అన్నారు. ఆడవాళ్ళు వస్తారనే ఈ విషయం ఎంచుకున్నానని చెప్పాను.

నేను డాక్టరును కాను. 36 సంవత్సరాలు గుమాస్తా పని చేసినవాణ్ని. కాగితం చదివి అందులో ఏమున్నది, ఏమి లేదు అని తేల్చడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. 2021లో నాకే అక్కి వచ్చింది. అప్పుడు మా చర్మవ్యాధుల డాక్టరుగారిని విసిగించి తెలుసుకున్నవీ, తరువాత చదివి ఆయనకు చూపించి సరిచూసుకున్నవీ ఇక్కడ చెబుతున్నాను. మందుల విషయంలో మాత్రం ఎవరి డాక్టరు చెప్పినది వారు వినాలి.

నాకు ముందు ఎడమ డొక్కలో నొప్పి వచ్చింది. గ్యాస్ అనుకున్నారు ఇంట్లో. గుండె అనుకుని ఇ.సి.జి. తీయించారు. మూడోనాడు స్నానానికి చొక్కా విప్పితే వెన్ను నుంచి ముందుకు ఒక పట్టీలాగా నీటి పొక్కులు. మా అత్తగారు బతికి ఉంటే చూడగానే "అక్కి" అని ఉండేవారు, అక్కడితో అయిపోయేది. డాక్టరుగారు చీటీ మీద "హెర్పిస్ జోస్టర్" అని రాశారు. ఆ మొదటి మాట మా ఇంట్లో చేసిన రభస అంతా ఇంతా కాదు.

మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోనులో ఆ మాట విని, తన ఫోనులోనే వెతికి చదువుకున్నాడు. సాయంత్రానికి కోడలు నాలుగేళ్ళ మనవణ్ని తీసుకుని రావలసిన ప్రయాణం మానుకుంది. నా కంచం, నా గ్లాసు, నా తువ్వాలు వేరయ్యాయి. 46 సంవత్సరాల కాపురంలో ఎన్నడూ అడగని ప్రశ్న ఆ రాత్రి మా ఆవిడ అడిగింది. ఏమడిగిందో ఇక్కడ చెప్పను. పెళ్లయిన వారందరూ ఊహించగలరు. ఒంటి మంట ఒక ఎత్తు, ఆ ప్రశ్న ఒక ఎత్తు.

ఇక అసలు విషయానికి వస్తాను. హెర్పిస్ అన్నది ఒక మనిషి పేరు కాదు, ఇంటిపేరు. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన అందరూ ఒకే పని చేయరు గదా. ఆ ఇంటిపేరుగల వైరస్‌లు మనుషులకు సోకేవి ఎనిమిది అని సామాన్యంగా లెక్క వేస్తారు. మనకు కావలసినవి మూడు. పెదవి మీద పొక్కులు తెచ్చేది మొదటి రకం హెర్పిస్ సింప్లెక్స్. ఎక్కువగా మర్మావయవాల దగ్గర పొక్కులు తెచ్చేది రెండో రకం. చిన్నప్పుడు ఆటలమ్మగా వచ్చి, పెద్దతనంలో అక్కిగా తిరిగి వచ్చేది మూడోది, వేరిసెల్లా జోస్టర్. హెర్పిస్ అంటే గ్రీకు భాషలో పాకేది అని అర్థమట. మన సర్పం అన్న మాటకూ దానికీ మూలధాతువు ఒక్కటే. సర్పి అని మన పెద్దలు అన్నదీ, హెర్పిస్ అని దొరలు అన్నదీ ఒకే ఊహ. మన మాట ఇంట్లో అందరి ముందూ అనవచ్చు, వాళ్ళ మాట అనకూడదు. ఇదెక్కడి న్యాయమో నాకు తెలియదు.

ఆటలమ్మ తగ్గిన తరువాత ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నుపూస పక్కన నరాల ముడులు ఉంటాయి. వాటిలో చేరి పడి ఉంటుంది. కార్యాలయాల్లో పనిచేసినవారికి ఒక్క మాటలో చెప్పవచ్చు: అది ఆర్.డిస్. ఫైలు. ఎల్.డిస్. కాదు ఏడాదికి చింపేయడానికి, డి.డిస్. కాదు పదేళ్ళకు తగలబెట్టడానికి. రికార్డు రూములో శాశ్వతంగా ఉండేది. యాభై, అరవై ఏళ్ళు ఎవరూ అడగరు. వయసు మీదపడి, లేదా వేరే జబ్బుచేసో, స్టీరాయిడ్లు, కేన్సరు మందులు వాడడంవల్లనో ఒంటి కాపలా సడలినప్పుడు ఫైలు బయటికి వస్తుంది. ఆ నరం పట్టుకునే చర్మం దాకా వస్తుంది. కాబట్టి అక్కి వచ్చినవాడు దాన్ని నిన్న మొన్న ఎక్కడినుంచో తెచ్చుకున్నవాడు కాదు. తన చిన్ననాటి ఆటలమ్మనుంచి తెచ్చుకున్నాడు. నా మాట నమ్మకపోతే మా ఆవిడను అడగండి, ఇప్పుడు ఆవిడే నలుగురికీ చెబుతోంది.

ఈ సంగతి తేల్చినవారిలో ఒకాయన గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఆయన పని మన పనిలాంటిది. ఇంగ్లండులో సైరెన్‌సెస్టర్ అనే చిన్న పట్టణంలో ఎడ్గార్ హోప్-సింప్సన్ అనే మామూలు కుటుంబ వైద్యుడు ఉండేవాడు. పెద్ద ప్రయోగశాల లేదు, విశ్వవిద్యాలయం లేదు. 1947 మొదలు 16 సంవత్సరాలపాటు తన దగ్గర వైద్యం చేయించుకునే సుమారు 3,500 మందిలో ఎవరికి అక్కి వచ్చినా వయసు, తేదీ, వచ్చిన చోటు రిజిస్టరులో ఎక్కించుకుంటూ పోయాడు. మొత్తం 192 కేసులు. అది అంటురోగమే అయితే ఒక వీధిలో, ఒక కాలంలో గుంపుగా రావాలి. రిజిస్టరు చూస్తే అలా లేదు. ఆటలమ్మ ఊళ్ళో ఎక్కువగా ఉన్న రోజుల్లో అక్కి ఎక్కువయిందీ లేదు. పెరిగింది వయసును బట్టే. 1965లో ఆ లెక్కలు అచ్చువేసి, ఇది లోపల నిద్రపోయిన వైరస్ లేవడమేనని వాదించాడు. రిజిస్టరు సరిగ్గా రాస్తే ఏమవుతుందో చూడండి. మన కాలంలో రిజిస్టర్లు చాలామటుకు ఆడిటు వచ్చే ముందురోజు రాత్రి రాసేవారు, ఎవరినీ అనడం లేదు.

అయితే అక్కి నుంచి ఏదీ అంటుకోదు అంటే అదీ తప్పే. ఇక్కడే జాగ్రత్తగా వినాలి. హంగేరీ దేశంలో బోకాయ్ అనే పిల్లల వైద్యుడు 19వ శతాబ్దం చివరలోనే ఒక సంగతి గమనించాడు. ఇంట్లో పెద్దవారికి అక్కి వస్తే, కొన్నాళ్ళకు పిల్లలకు ఆటలమ్మ పోస్తోంది. అక్కి కాదు, ఆటలమ్మ. పొక్కుల్లోని నీటిలో సజీవమైన వైరస్ ఉంటుంది. ఇంతవరకు ఆటలమ్మ రానివారికీ, టీకా వేయించుకోనివారికీ అది తగిలితే వారికి ఆటలమ్మ వస్తుంది. ఒకసారి ఆటలమ్మ వచ్చిపోయినవారికి నావల్ల అక్కి రాదు. పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేదాకా, అంటే సుమారు వారం పదిరోజులు, ఈ జాగ్రత్త. ఆ పది రోజులూ పొక్కుల మీద శుభ్రమైన గుడ్డ కప్పి ఉంచుకోవాలి, గీరకూడదు, చేతులు కడుక్కోవాలి. ఆటలమ్మ రాని గర్భిణులకు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు, టీకా వేయని పసివారికి, కేన్సరు చికిత్సలో ఉన్నవారికి దూరంగా ఉండాలి. ఆటలమ్మ టీకా మన ప్రభుత్వం పిల్లలకు ఉచితంగా వేసే జాబితాలో లేదు. కాబట్టి మనవడికి వేయించారా లేదా అని కోడలిని అడిగి తెలుసుకోవడం మంచిది. మా కోడలు చేసినది ఆ పది రోజుల వరకు సబబే. కంచం వేరు పెట్టడం మాత్రం ఏ శాస్త్రంలోనూ లేదు.

మరొక భయం. అక్కి నడుము చుట్టూ తిరిగి తల తోక కలిస్తే ప్రాణం పోతుందని మనందరం విన్నదే. డాక్టరుగారు నవ్వి చెప్పారు: ఒక్కొక్క నరమూ ఒంటికి ఒక్క వైపే కాపలా. ఎడమ నరంలో లేచినది నడిమి గీత దగ్గర ఆగుతుంది. అవతలి సగం వేరే నరం సరిహద్దు, మన రెవెన్యూ గ్రామాల పొలిమేరలాగా. రెండు వైపులా రావడం చాలా అరుదు. ఒళ్ళంతా పాకితే రోగనిరోధక శక్తి బాగా తగ్గిందని అర్థం, వెంటనే ఆసుపత్రికి పోవాలి. అంతేగాని చుట్టు కలవడంవల్ల ఎవరూ చావరు.

ఇక ఒక మిత్రుడి సంగతి. ఆయన అనుమతితోనే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పవద్దన్నారు. నా పక్క సీటులో 11 ఏళ్ళు పనిచేశారు. భార్య పోయింది, కొడుకు దగ్గర ఉంటున్నారు. ఆయనకు మెడ నుంచి భుజం మీదికి పొక్కులు లేచాయి. ఎవరో చూసి హెర్పిస్ అన్నారు. ఆ మాట విన్న కొడుకు మంచం వరండాలో వేయించాడు. 72 ఏళ్ళ వయసులో, పైగా ఒంటరివాడు, ఏం తిరుగుళ్ళు తిరిగాడోనని వీధిలో అనుకుంటారని ఆయన భయం. ఆ సిగ్గుతో ఏ డాక్టరు దగ్గరికీ పోలేదు. ఎర్రమన్నుతో అక్కి రాయించుకుని తొమ్మిది రోజులు వరండాలో పడుకున్నారు. పొక్కులు తగ్గాయి. అవి ఎలాగూ తగ్గుతాయి, అక్కి రాసినా రాయకపోయినా. నొప్పి తగ్గలేదు. రెండేళ్ళు దాటింది. ఉతికిన చొక్కా భుజానికి తగిలితే నిప్పు పెట్టినట్టుంటుందంటారు. చలికాలంలో కూడా కండువా కప్పుకోలేరు. మన సమావేశాలకు ఆయన ఎందుకు రావడం లేదని అడిగేవారికి ఇదే జవాబు.

పొక్కులు కనబడిన 72 గంటలలోపల ఎసైక్లోవిర్ వంటి మందు మొదలుపెడితే పొక్కులు త్వరగా ఎండుతాయి, వైరస్ ఉధృతి తగ్గుతుంది. ఆలస్యమైనా డాక్టరును చూడవలసిందే, కాని ఆ మూడు రోజులు బంగారం. నాకు రోజుకు అయిదుసార్లు చొప్పున ఏడు రోజులు ఇచ్చారు. అర్ధరాత్రి అలారం పెట్టుకోవాలేమోనని నేను భయపడ్డాను, అక్కరలేదు, మెలకువగా ఉన్నప్పుడే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ముందే చెప్పాలి, మోతాదు తగ్గిస్తారు. ఈ మందు తయారీలో ముఖ్యపాత్ర వహించిన గెర్ట్రూడ్ ఎలియన్ అనే అమెరికా మహిళకు 1988లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. నుదుటి మీద, కంటి దగ్గర, ముక్కు కొన మీద పొక్కు వస్తే మాత్రం ఆ పూటే కంటి డాక్టరును చూడాలి. చూపు పోయే ప్రమాదం ఉంది. పొక్కులు మానిన తరువాత నిలిచిపోయే నొప్పికి వేరే మందులు ఉన్నాయి. వాటిలో కొన్ని మత్తు తెస్తాయి, రాత్రివేళ బాత్రూముకు లేచేటప్పుడు గోడ పట్టుకుని నడవాలి.

టీకా ఉంది. షింగ్రిక్స్ అని 2023 నుంచి మనదేశంలో దొరుకుతోంది. 50 ఏళ్ళు దాటినవారికి, రెండు నుంచి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు. ఇందులో సజీవ వైరస్ లేదు. పరీక్షల్లో 70 ఏళ్ళు దాటినవారికి కూడా నూటికి 90 పాళ్ళు రక్షణ ఇచ్చింది. ఒకటి రెండు రోజులు చేయి నొప్పి, జ్వరం ఉంటాయి. ఖరీదు వేలలో ఉంటుంది, పింఛనులో అది చిన్న మొత్తం కాదు. నేను వేయించుకున్నాను. ఎవరినీ వేయించుకోమని బలవంతం చేయను.

ఇప్పుడు మిగిలిన ఇద్దరు అన్నదమ్ముల సంగతి. మొదటి రకం గురించి ఒక పెళ్ళి సంబంధం కథ చెబుతాను. నాకు తెలిసిన ఒకరి అమ్మాయికి మంచి సంబంధం కుదిరింది. నిశ్చయ తాంబూలాలకు ముందు రక్తపరీక్షలు అన్నారు మగపెళ్ళివారు. ల్యాబువాళ్ళు ప్యాకేజీ పేరుతో అడగని పరీక్షలు కూడా చేసి, హెర్పిస్ మొదటి రకం ఐజీజీ పాజిటివ్ అని కాగితం ఇచ్చారు. ఆ రాత్రే పెళ్ళికొడుకు తండ్రి ఫోను. పిల్ల మీద పడిన మాటలు నేను తిరిగి చెప్పను. ఆ కాగితానికి అర్థం ఒక్కటే, ఎప్పుడో ఒకప్పుడు ఆ వైరస్ ఒంట్లో ప్రవేశించిందని. ఎప్పుడు, ఎలా అన్నది అందులో ఉండదు. ఎక్కువమందికి అది పసితనంలోనే, ఏ మేనత్తో అమ్మమ్మో బుగ్గ మీద, మూతి మీద ముద్దు పెట్టుకున్నప్పుడు వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్ళలోపు జనాభాలో సుమారు 380 కోట్ల మందిలో ఆ వైరస్ ఉంది. అంటే ముగ్గురిలో ఇద్దరు. జ్వరం వచ్చినప్పుడు పెదవి పేలితే, "పురుగేదో పాకి ఉంటుంది" అని నెయ్యి రాసుకున్నవాళ్ళం, అది ఇదే. లక్షణాలు లేనివారికి ఈ రక్తపరీక్ష మామూలుగా చేయించవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రమే చెబుతుంది, లేనివారికి ఉన్నట్టు కూడా వస్తుంది గనుక. మరి వరుడికి ఆ పరీక్ష చేయించారా అని నేను అడిగాను. "మగపిల్లవాడికి ఎందుకండీ" అన్నారు. సంబంధం తప్పిపోయింది. అమ్మాయికి తరువాత వేరేచోట పెళ్ళయింది. కాని పుట్టింటికి వచ్చినప్పుడల్లా తల్లి ఆ పిల్ల తువ్వాలు ఈనాటికీ విడిగా ఉతుకుతుంది.

అయితే పెదవి మీద పొక్కు ఉన్నవారు పురిటి బిడ్డను ముద్దాడకూడదు. దీన్ని తేలికగా తీసుకోవద్దు. మొదటి నెలలో ఆ వైరస్ సోకితే బిడ్డ ప్రాణానికే ముప్పు. బారసాలకు వెళ్ళే తాతలు, అమ్మమ్మలు ఇది గుర్తుంచుకోవాలి.

సభ్యులు ముందుగా చీటీల మీద రాసి ఇచ్చిన సందేహాలు నా దగ్గర ఉన్నాయి. బాత్రూము సీటు, బకెట్టు, సబ్బు, దుప్పటి, బస్సు సీటు, వీటివల్ల హెర్పిస్ సింప్లెక్స్ వస్తుందా అని నలుగురు రాశారు. రాదు. ఆ వైరస్ ఒంటి బయట ఎక్కువసేపు నిలవదు, చర్మానికి చర్మం, లాలాజలం తగలాలి. దోమలవల్ల రాదు. కరచాలనంవల్ల, ఒకే బల్ల మీద భోజనంవల్ల రాదు. పెదవి మీద పొక్కు పచ్చిగా ఉన్న నాలుగు రోజులు గ్లాసు వేరు పెట్టుకుంటే నష్టం లేదు. ఎంగిలి పనికిరాదని మన ఇళ్ళలో ఉన్నదే. ఎత్తి పోసుకుని తాగే అలవాటు మనదే. ఎంగిలి వేరు, మనిషిని వెలివేయడం వేరు.

మనవరాలికి ఆటలమ్మ పోసింది, నాకు అక్కి వస్తుందా అని ఒకరు. ఆ పిల్లనుంచి రాదు. వస్తే మీలో ఉన్నదే లేస్తుంది.

ఒక చీటీ మీద సంతకం లేదు. అది చదవాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను. "నా వయసు 68. నా భార్యకు రెండో రకం హెర్పిస్ అని ఇప్పుడు తేలింది. మాకు పెళ్ళయి 42 ఏళ్ళు. ఆమెను నేను అనుమానించాలా, నన్ను ఆమె అనుమానించాలా?" ఇదీ ప్రశ్న. రాసినవారు ఇక్కడే ఎక్కడో కూర్చుని ఉంటారు. అయ్యా, రెండో రకం ఎక్కువగా లైంగిక సంబంధంవల్లనే వస్తుంది, ఆ మాట దాచడం వల్ల ప్రయోజనం లేదు. కాని అది కూడా నరాల ముడుల్లోనే దాగి ఉంటుంది. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. పొక్కు లేనప్పుడు కూడా ఒకరినుంచి ఒకరికి చేరవచ్చు. ఎన్నో ఏళ్ళ తరువాత మొదటిసారి పైకి కనబడవచ్చు. కాబట్టి ఈనాటి పొక్కును చూసి అది ఏ సంవత్సరంలో, ఎవరినుంచి వచ్చిందో ఏ డాక్టరూ తేదీ వేయలేడు. పైగా ఏ పరీక్ష చేసి రెండో రకమని తేల్చారో ముందు అడగండి. పొక్కులోని ద్రవం తీసి చేసిన పరీక్ష అయితే నమ్మవచ్చు. ఐజీఎం అనే రక్తపరీక్ష చూసి చెబితే మాత్రం దాన్ని ఆధారం చేసుకుని ఏ నిర్ణయానికీ రావద్దు. ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పూర్తిగా పోగొట్టే మందు లేదు గాని, అదుపులో ఉంచేవి, మీకు సోకకుండా తగ్గించేవి ఉన్నాయి. కావాలంటే సమావేశం అయిన తరువాత, ఎవరూ లేనప్పుడు, మా డాక్టరుగారి చిరునామా నా దగ్గర తీసుకోండి. ఎవరు అడిగారని నేను ఎవరికీ చెప్పను.

ఇంకొక్క చీటీ మిగిలింది. అది కరువు భృతి బకాయిలు ఎప్పుడిస్తారని. ఆ జబ్బుకు జవాబు కార్యదర్శిగారు చెబుతారు.